అవ్వ బావి పాసైన మూడు నెలలు

నేను చేసే ఉద్యోగమేమిటో పెళ్లయి ఏడేళ్లయినా మా అత్తగారికి అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే "నీళ్ల ఆఫీసుల జేస్తది" అని చెప్పి ఊరుకుంటుంది. అడిగినవాళ్లు ఊరుకోరు. తమ గల్లీలో నల్లా ఎందుకు రావడం లేదో, వచ్చినా పచ్చగా ఎందుకొస్తుందో చెప్పమని మా గుమ్మంలో కూర్చుంటారు. నేను నల్లా ఇప్పించలేను, ట్యాంకర్ పంపలేను. అసలు నేను చూసే నీళ్లు ఎవరూ తాగరు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల నేల లోపలి నీళ్లు ఎలా ఉన్నాయో నెలనెలా చూడటానికి కొన్ని గొట్టపు బావులు వేశారు. మోకాలెత్తు పైపు, దాని మీద ఇనుప మూత, మూతకు తాళం. ఎవరో బోరు వేయించి మోటారు దించడం మరిచిపోయినట్టు ఉంటాయి. నెలకోసారి నేను వాటి దగ్గరికెళ్లి నీళ్లు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు తెస్తాను. ఫ్యాక్టరీల వల్లా మురుగు వల్లా నీళ్లు ఎంత చెడ్డాయో ల్యాబు తేలుస్తుంది. మా నాయినకు మాత్రం ఈ ఉద్యోగం మొదటి రోజే అర్థమైంది. "నీళ్లు మోసుడు తప్పాలని సదివిపిస్తిని. ఎమ్మెస్సీ సదివి మల్ల నీళ్లే మోస్తున్నవా బిడ్డా?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు.

బావి దగ్గర నీళ్లు తీయడం కంటే బావి దగ్గరికి చేరడం కష్టం. దూలపల్లిలో ఒక షెడ్డు వెనక బావి ఉంది. అక్కడి వాచ్‌మన్ నన్ను చూడగానే గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళం చెవి పోయిందని నా ముందే వెతుకుతాడు. బౌరంపేటలో బావి పెద్ద కాలనీ గోడ లోపలికి వెళ్లిపోయింది. గేటు దగ్గర "ఏ ఫ్లాటుకు మేడమ్?" అని అడుగుతారు. "బావికి" అంటాను. "బావి ఏ బ్లాకు?" అంటారు. వాళ్ల ఫోనులోని యాప్‌లో ఫ్లాటు నంబరు కొడితే తప్ప గేటు తెరుచుకోదు, బావికి ఫ్లాటు లేదు. ప్రతినెలా అదే సెక్యూరిటీ మనిషి, అదే ప్రశ్న, అదే కోపం నాకు.

వీటన్నిటి తర్వాత అలియాబాద్ బావి పుట్టింటికి వెళ్లినట్టుండేది. అది ఊరి చివర ఒక అవ్వ వాకిట్లో ఉంది. పక్కనే కొడుకు ఇల్లు. కోడలు కూరలో ఉప్పు వెయ్యదని అలిగి, అవ్వ వేరే పొయ్యి పెట్టుకుంది. ఆ వాకిలి, కరివేపాకు చెట్టు, మా బావి, మూడూ అవ్వవే. బావి సర్కారుదని చెబితే "నా జాగల ఉన్నంక నాదే" అంది. ఒకసారి నేను తాళం చెవి మేడ్చల్‌లో మరిచి వెనక్కి వెళ్లాల్సి వస్తే, "ఆ చెవి నాకియ్యి, నా కొంగుకు ముడేసుకుంట. నీ తీరు జూస్తే తలకాయ గూడ ఇంట్ల మరిచి వచ్చేటట్టున్నవ్" అంది. ఇచ్చేశాను. అది నేను చేసిన మొదటి తప్పు.

రెండోది చెప్పాలంటే మా పనిలోని ఒక నియమం చెప్పాలి. పైపులో నిలిచి ఉన్న నీళ్లు పాత నీళ్లు. అవి భూమి లోపలి సంగతి చెప్పవు. అందుకని పైపులో ఎన్ని నీళ్లుంటే దానికి మూడు రెట్లు తోడి పారబోసి, ఆ తర్వాత నేలలోంచి ఊరి వచ్చిన కొత్త నీళ్లనే సీసాలో పట్టాలి. తోడటానికి బెయిలర్ అని పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, దానికి తాడు. గొట్టం అడుగున గోలీ ఒకటి మూతలా ఉంటుంది. దించితే నీళ్లు లోపలికొస్తాయి, లాగితే గోలీ మూసుకుంటుంది. అలా దించుతూ లాగుతూ ఆరేడు బిందెల నీళ్లు నేల మీద పోయాలి. ఎండాకాలం, నీళ్లకు కటకటగా ఉండే ఊళ్లో, ఒక అవ్వ కళ్లముందు.

మొదటి నెల అదే చేశాను. రెండో బిందె నీళ్లు నేలలో ఇంకకముందే అవ్వ వచ్చి నా తాడు పట్టుకుంది.

"ఏందే పిల్లా, గా నీళ్లేం పాపం జేసినయి? గట్ల పారబోస్తున్నవ్?"

"పాత నీళ్లవ్వా. ఇవి తీసేస్తే లోపలికెల్లి కొత్తవి వస్తయి. అవే పరీక్షకు పట్టాలె."

"నిన్నటి అన్నం పెంట మీద పారబోసి ఇయ్యాల్టిది తిన్నట్టు. మేము సద్దన్నం తిని బతికినోళ్లం. నువ్వు ఏ కొంపల పుట్టినవో గని."

నా కొంప సంగతి ఎత్తినందుకు నాకూ రోషం వచ్చింది. పట్టుబట్టి మూడు రెట్లూ తోడాను. అవ్వ ఊరుకోలేదు. తిట్టుకుంటూనే బిందెలు, సర్వలు, బకీట్లు, చివరికి గేదె తాగే గోలెం కూడా నా ముందుకు తోసింది. అవి నిండాక మిగిలిన నీళ్లకు కరివేపాకు చెట్టు చుట్టూ కట్ట వేసింది. ఆ రోజు అవ్వ తిట్లు నా చెవుల్లో మేడ్చల్ దాకా మోగాయి.

రెండో నెల వెళ్లగానే అవ్వ అడిగింది, "మా నీళ్లు ఎట్లున్నయే?"

ల్యాబు రిపోర్టు బయటివాళ్లకు చెప్పకూడదు. కానీ కిందటి నెల తిట్లు ఇంకా గుర్తున్నాయి, నా నోటి దురద నాకుంది. "ఫెయిలైనయవ్వా" అన్నాను.

"ఫెయిలా? మా ఇంటి నీళ్లా?" అవ్వ మొహం మాడిపోయింది. "ఎవలు జెప్పిండ్రు?"

"మా పెద్ద సారు."

"తాగి సూసిండా?"

నవ్వొచ్చింది. "ఆఁ, గిలాసల పోసుకొని తాగి సూసిండు. మొకం గిట్ల వెట్టిండు" అని మా సారులా మొహం పెట్టి చూపించాను. అవ్వ నవ్వలేదు. లోపలికెళ్లిపోయింది. ఆ రోజు నేను తోడుతుంటే ఒకే ఒక్క మాట అంది, "ఫెయిలైన నీళ్లకు ఇంత ఆర్భాటమెందుకు, ఒక బిందె తోడు సాలు." అప్పటికే పన్నెండు దాటింది. ఎండ నడినెత్తి మీదుంది. శామీర్‌పేటలో బిర్యానీ అయిపోతుందని మా డ్రైవరన్న హారన్ కొట్టాడు. ఒక బిందెతో ఆపేశాను.

మూడో నెల అదీ లేదు. బెయిలర్‌ను రెండుసార్లు ముంచి కడిగి, మూడోసారి వచ్చిన నీళ్లు సీసాలో పట్టేశాను. ఫారంలో మాత్రం "మూడు రెట్లు తోడబడినవి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అబద్ధం రాసేటప్పుడు నా చేతిరాత ఎందుకో బాగుంటుంది. నాలుగో నెలా, ఐదో నెలా అంతే. అవ్వ మజ్జిగ ఇచ్చేది, చిక్కుడుకాయలు మూట కట్టిచ్చేది. నీళ్లు వృథా చేయని నన్ను చూసి ముసలావిడ మనసు కరిగిందనుకున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు మా సారు పిలిచారు. ఎదురుగా అలియాబాద్ రిపోర్టులు పరిచి ఉన్నాయి. మొదటి రెండు నెలల నీళ్లు పరమ చండాలం. తర్వాతి మూడు నెలలూ ఫస్టు క్లాసు. ఉప్పు లేదు, నైట్రేటు లేదు, ఏమీ లేదు.

"ఇవి భూమిలోంచి వచ్చిన నీళ్లేనా?" అన్నారు సారు.

"అలియాబాద్ బావి నీళ్లు సార్. ఫొటోలు గ్రూపులో పెట్టాను, వాటి కింద ఊరి పేరు, టైము కూడా ఉంటాయి."

"ఫొటో బావి దగ్గర. నీళ్లు ఇంటి దగ్గర."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మా పనిలో అంతకంటే పెద్ద నింద లేదు. బావి దగ్గర ఫొటో దిగి, ఇంటికొచ్చి వంటింట్లో ఫిల్టరు కింద సీసాలు నింపి తెచ్చే మహానుభావులు ఉన్నారని వింటుంటాం. అలాంటి పేరొక్కసారి పడితే ఈ ఉద్యోగమే కాదు, ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంట్లో ఫిల్టరే లేదు సార్, వచ్చి చూసుకోండి" అన్నాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ఇంటికెందుకు, బావికే వస్తా. మంగళవారం. నా కళ్లముందు తియ్యాలి. తేడా వస్తే నువ్వు మళ్లీ ఈ ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు" అన్నారు.

సాక్ష్యానికి మా డ్రైవరన్నను అడిగాను. "చెల్లె, నువ్వు దిగుడు జూస్త, ఎక్కుడు జూస్త. నడిమిట్ల నాకేం ఎరుకలేదు" అన్నాడు నిజాయితీగా. బావి రాగానే సీటు వెనక్కి వాల్చి నిద్రపోయే మనిషి, కలలో చూసిందే సాక్ష్యం చెప్పాలి. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎక్కడో నల్లా పైపు పగిలి మంచినీళ్లు బావిలోకి దిగుతున్నాయేమో అనుకున్నాను. మా అత్తగారు ఎల్లమ్మ తల్లికి కోడిని మొక్కుకుంది. బావి నీళ్లు చెడ్డవని తేలాలని కోడలి కోసం మొక్కిన అత్త ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

నెలనెలా అలియాబాద్ వంతు మొదటి మంగళవారమే, నేను ఎప్పుడూ పదకొండింటికి వెళ్తాను. సారు అనుమానం మనిషి కాబట్టి ఎనిమిదింటికే మేడ్చల్‌లో నన్ను ఎక్కించుకున్నారు. అలియాబాద్‌లో బండి రోడ్డు మీదే ఆపించి, చప్పుడు చెయ్యకుండా నడుద్దామన్నారు. దొంగను పట్టడానికి వెళ్తూ దొంగను వెంటబెట్టుకున్నట్టు ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

వాకిట్లో బావి మూత తీసి ఉంది. పైపు మూతిలో ఎర్ర ప్లాస్టిక్ గరాటు. అవ్వ ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను సంకనెత్తుకుని, గరాటులోకి వంచి, గుడగుడమని పోస్తోంది. ఒక్క చుక్క బయట పడకుండా, పిల్లకు ఉగ్గు పోసినంత జాగ్రత్తగా పోస్తోంది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "చూశారా సార్! చూశారా!" అని అరిచాను. అవ్వ ఉలిక్కిపడింది కానీ క్యాను వదల్లేదు. చివరి చుక్క దాకా పోసి, కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు సారు.

"మీరేనా పెద్ద సారు?" అవ్వ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "ఈ మూడు నెలలు నీళ్లు మంచిగున్నయా? మీ నోటికి బట్టినయా?"

"నా నోటికా?"

"మీరు తాగి సూస్తరట గద. మొదటి తాప మొకం గిట్ల వెట్టిండ్రట" అని నేను పెట్టి చూపించిన మొహాన్ని నాకంటే బాగా పెట్టి చూపించింది. "మా ఇంటికెల్లి నీళ్లు వట్టుకవోయి మీకిస్తే మీరు ఊసుడా? నా పానం సివుక్కుమన్నది సారూ. ఇంటికొచ్చినోళ్లకు ఖరాబ్ నీళ్లిస్తమా? గందుకే గీ పిల్ల వచ్చే నాడు పొద్దుగాల మంచి నీళ్లు పోస్తున్న."

సారు నా వైపు తిరిగారు. నేను కరివేపాకు చెట్టు వైపు తిరిగాను. అయినా నా గుండె తేలికపడింది. నీళ్లు నేను మార్చలేదని తేలింది. దొంగ ముద్ర పోయింది. ఎల్లమ్మ తల్లికి మా అత్తగారి కోడి దక్కినట్టే.

ఆ సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. సారు గరాటునూ ఖాళీ క్యానునూ చూస్తూ నెమ్మదిగా అన్నారు, "ఒక్క క్యాను. నువ్వు మూడు రెట్లు తోడితే, ఈ నీళ్లు మొదట్లోనే పోవాలిగా. మరి సీసాలోకి ఎలా వచ్చాయి?"

నేను చిక్కుల్లో పడ్డానని అవ్వకు అర్థమైంది. నన్ను ఆదుకోవడానికి ముందుకొచ్చింది.

"సారూ, గీ పిల్లనేమనకుండ్రి. బంగారమసొంటి పిల్ల. మొదటి తాప తెలువక పారబోసింది గని, నేను జెప్పినంక ఇన్నది. మల్ల ఒక్క బిందె తోడింది. అటెన్క మూడు నెలలకెల్లి ఒక్క సుక్క పారబోస్తే ఒట్టు! నేనే సాచ్చెం!"

నా జీవితంలో నన్ను అంతగా పొగిడినవాళ్లు లేరు. ఒక్కో పొగడ్తా ఒక్కో మేకులా దిగింది. నేను గుండ్రటి అక్షరాలతో రాసిన ఫారాలన్నీ సారు బ్యాగులోనే ఉన్నాయి. ఆయన తీయలేదు. చొక్కా చేతులు మడిచి, కరివేపాకు చెట్టు కింద రాయి మీద కూర్చుని, "తోడు" అన్నారు.

తోడాను. అవ్వ పోసిన మంచినీళ్లు ముందు వచ్చాయి. అవి నేల మీద పోస్తుంటే అవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, గవి క్యాను నీళ్లే! గవన్న తాగే నీళ్లే!" అని బిందె అడ్డం పెట్టింది. బావిలో పడ్డాక ఇక అవి తాగే నీళ్లు కావని సారు చెప్పినా వినలేదు. తర్వాత పైపులో నిలిచిన పాత నీళ్లు వచ్చాయి, తర్వాత అసలు నీళ్లు. బిందెలు, సర్వలు, గోలెం అన్నీ మళ్లీ నిండాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఎండ ముదిరింది. మూడు రెట్లు పూర్తయ్యేసరికి సారు తాగడానికి తెచ్చుకున్న సీసాలోని నీళ్లు కూడా అయిపోయాయి.

"అమ్మా, తాగడానికి ఇన్ని నీళ్లుంటే ఇస్తావా?" అన్నారాయన.

అవ్వ లోపలికెళ్లింది. గిలాస కడిగిన చప్పుడు వినిపించింది. ఎంతకీ రాలేదు. చివరికి ఖాళీ గిలాస పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అన్ని నెలల్లో ఆ మనిషి తల దించడం నేను చూడలేదు.

"లేవు సారూ. ఉన్న క్యాను గా బావిలనే పోస్తిని. మల్ల క్యాన్ల బండి రేపొస్తది. కోడల్నడుగుదునంటే, నిన్నొచ్చిన క్యాను ఏం జేసినవని అడుగుతది. వాడుకునే బోరు నీళ్లున్నయి గని అవి మీకెట్లిస్త?"

"మరి నువ్వేం తాగుతవవ్వా, రేపటి దాక?" అని అడిగాను.

"బోరువి తాగుత. నాకేంది, నేను ఇంటిదాన్ని" అంది.

ఆ బోరుకూ మా బావికీ కింద నీళ్లు ఒకటే. బెయిలర్ తాడు నా చేతిలోనే ఉంది. ఫెయిలైనయని నవ్వుతూ చెప్పిన నోరు నాదే. ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారో నెలలు గడిచినా నేను అడగలేదు. నేను మూడు నెలలు సీసాల్లో పట్టుకెళ్లినవి అవ్వ తాగాల్సిన నీళ్లు. ప్రతిసారీ నా కోసం అవి పైపులో పోసి, నేను వెళ్లాక మర్నాటి దాకా ఆ ఫెయిలైన నీళ్లు తాగింది. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకున్నాను. సారు రోడ్డు దాకా నడిచి వెళ్లి, నిద్రపోతున్న డ్రైవరన్నను లేపి, ఎక్కడున్నా సరే ఒక క్యాను తెమ్మని పంపారు. అది వచ్చాక మొదటి గిలాస అవ్వే సారుకిచ్చింది. ఆయన తాగుతున్నంతసేపూ మొహంలోకే చూసింది.

మూడు నెలల రిపోర్టులు కొట్టేశారు. నాకు మెమో వచ్చింది. ఇంటికి తెచ్చి చదివితే మా అత్తగారు ముక్కున వేలేసుకుంది. "నీళ్లు దొంగతనం జేసినవని అన్నరనుకున్న. నీళ్లు పారబొయ్యలేదని మెమో ఇస్తరా? గిదేం ఆఫీసమ్మా!" అని, మొక్కు కోడిని తగ్గించి కోడిగుడ్డుతో సరిపెట్టింది. మెమో నా ఫైల్లో ఉంది. ఉద్యోగం కూడా ఉంది. దేనికీ నాకు ఫిర్యాదు లేదు.

మరుసటి నెల ఐసు పెట్టె కంటే ముందు ఒక క్యాను దింపుకున్నాను. అవ్వ దాని వంకా నా వంకా చూసింది. "నీళ్లు మోసుడేందే, మీ ఆఫీసుల వేరే పనే లేదా?" అంది. లోపలికి తీసుకెళ్లి గిలాస నింపి, మొదట నాకే ఇచ్చింది. తాగాను. అప్పుడు కొంగు ముడి విప్పి తాళం చెవి ఇచ్చి, నేను తోడుతుంటే ఒక్కొక్క బిందె అందించింది. తిట్టలేదు. మూడు రెట్లయ్యాక సీసా నింపి మూత బిగించాను.

"ఈ తాపన్న పాసైతయా?" అని అడిగింది.

ఈసారి మొహం పెట్టలేదు. "కావవ్వా" అన్నాను. "నువ్వు గవి తాగకు. ఒక్కనాడు గూడ తాగకు."

అవ్వ సీసాను ఎండకెత్తి పట్టుకుంది. నీళ్లు తేటగా, అమాయకంగా మెరిశాయి. "మంచిగనే కానొస్తున్నయి గదనే" అంది. కొంగుతో సీసా తడి తుడిచి, ఆ నీళ్లు పెద్ద సారుకు పంపడానికి సిగ్గుపడుతున్నట్టుగా, నెమ్మదిగా ఐసు పెట్టెలో పెట్టింది.